పదకొండు రోజుల మంచు

ఆ చలికాలమంతా నేను కారులో ఎడమ సీటులో కూర్చుని బ్రేకు తొక్కాను. ఆ పక్క బ్రేకు ఉండదని నాకు తెలుసు. ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పే సైన్సు టీచరును, ఆ మాత్రం తెలియదా? అయినా పొద్దున ఏడున్నరకు కారు కొత్తవాడ సందు దాటి పెద్ద రోడ్డెక్కగానే నా కుడికాలు దానంతటదే కింది రబ్బరు మ్యాటును నొక్కిపట్టేది. నెక్కొండలో మా బడి చేరేసరికి పిక్క బిగుసుకుపోయేది. మొదటి పీరియడు కుంటుకుంటూ చెప్పేదాన్ని. పిల్లలు నాకు మోకాళ్ల నొప్పులనుకున్నారు.

కారు మా మామయ్యది, అంటే మా ఆయన తండ్రిది. వెంకట్రాజం అంటే కొత్తవాడలో తెలియనివారు లేరు. ఏళ్ల తరబడి స్కూటరు వెనక దర్రీల, అంటే నేత జంపఖానాల, కట్టలు కట్టుకుని ఊరూరా అమ్మి, ఆ తర్వాత సొంత దుకాణం పెట్టిన మనిషి. అరవై రెండో ఏట, దసరా దాటిన వారానికి, హైదరాబాదులో ఎవరో డాక్టరు నాలుగేళ్లు నడిపి అమ్మిన నల్ల సెడాన్ కొని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. అయిదు సెకన్లలో వంద దాటే బండి. చలిలో స్టార్టు చేస్తే సందులో రంగునూలు ఆరేసుకునే వాళ్లు చేతులాపి చూసేవాళ్లు. ఎంత కిందికి ఉంటుందంటే ప్రతి స్పీడ్ బ్రేకరునూ ఐమూలగా ఎక్కించి దించాల్సిందే. లేకపోతే కడుపు గీసుకుంటుంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా మామయ్య తన కడుపే పట్టుకునేవాడు.

మా ఆయన భానుచందర్ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

“బాపూ, నీకేమన్న పిచ్చి లేసిందా? ఇది మంచు పడే దేశాలల్ల తోలుకునే బండి. వరంగల్ల దీనితోని ఏం పని?”

“చలికాలం రానియ్యి, సూద్దువు గని,” అన్నాడు మామయ్య.

ఆ రోజు నుంచి తండ్రీకొడుకులు ఒకే దుకాణంలో కూర్చుంటూ మాటలు మానేశారు. ఏదన్నా చెప్పుకోవాలంటే మధ్యలో అత్తమ్మ లక్ష్మీనర్సమ్మో, నేనో ఉండాలి. తాళంచెవి మాత్రం మామయ్య జేబులోంచి బయటికి వచ్చేది కాదు.

ఇంటికి ఎవరొచ్చినా వాళ్లకు బండి గురించి పాఠం ఉండేది. “నాలుగు చక్రాలకు ఇంజిన్ బలం పోతది. ముందటియి జారితే ఎనకటియి నూకుతయ్. ఎనకటియి జారితే ముందటియి గుంజుతయ్. దర్రీని నలుగురు నాలుగు కొసలు పట్టుకున్నట్టన్నట్టు. ఒక్క కొస జారినా కింద పడది.”

నాలుగు చక్రాలనూ తిప్పే బండి కదలడంలో గట్టిది. ఆగడానికి మాత్రం అన్ని బండ్లకూ ఉన్నవి అవే నాలుగు చక్రాలు, అవే నాలుగు బ్రేకులు. ఈ మాట నాకు నోటిదాకా వచ్చింది. కోడలు మామకు పాఠం చెబుతుందా అని చాయ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను.

నవంబరులో పట్టాల పనులని నేను ఎక్కే పొద్దుటి ప్యాసింజరును ఆపేశారు. సాయంత్రం రావడానికి రైలుంది, పోవడానికి లేదు. బస్సయితే రెండు మారాలి. ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు మామయ్య అన్నం తింటున్నాడు.

“బండిని దినాం తిప్పకపోతే బ్యాటరీ దిగిపోతదట. యమునను నేను బడికాడ దించొస్త. రెండు పనులైతయ్.”

అబద్ధమెందుకు, నాకు సంతోషమే అయింది. వేడి సీటు మీద కూర్చుని ముప్పావు గంటలో బడి గేటు దగ్గర దిగితే తోటి టీచర్లు కిటికీల్లోంచి చూసేవాళ్లు. “మీ మామ నీకు విమానం కొన్నడు పో,” అని ఏడిపించేవాళ్లు. మొదటి వారం ఆ సంతోషంలో భయాన్ని లెక్క చేయలేదు.

వరికోతలు మొదలయ్యాక మా దిక్కు రోడ్లు రోడ్లుగా ఉండవు. ఎడమ సగం పొడుగూతా వడ్లు పోసి ఎండబెడతారు. అంచున వరుసగా రాళ్లు, పక్కన నల్ల టార్పాలిన్లు. వచ్చే బండి, పోయే బండి మిగిలిన సగం రోడ్డులో సర్దుకోవాలి. ఒకరోజు ఎదురుగా బస్సు వచ్చింది. మామయ్య వేగం తగ్గించకుండానే ఎడమకు కోసి రెండు చక్రాలను వడ్ల మీదికి ఎక్కించాడు. బండి వెనక భాగం పక్కకు జరిగింది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు టపటపా కొట్టుకుంది, స్టీరింగు తనే కొంచెం తిరిగినట్టయింది, బండి మళ్లీ తిన్నగా పోయింది. అంతా రెండు క్షణాలు.

“సూసినవా?” మామయ్య మొహం వెలిగిపోయింది. “వేరే బండైతే పొలంల పండేది.”

వేరే బండయితే మీరు వడ్ల మీదికి ఎక్కించేవారే కాదు అని నేను అనలేదు. అప్పుడు కూడా అనలేదు.

నవంబరు చివర్లో చలి ముదిరింది. నెక్కొండకు ముందు ఒక చెరువుకట్ట ఉంటుంది. కిలోమీటరు పొడవు, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఇరవై అడుగుల లోతున పొలాలు. పొద్దున పూట మంచు చెరువు మీది నుంచి లేచి కట్టను ముంచేసేది. కారు ముక్కు కూడా కనిపించేది కాదు. అక్కడికి రాగానే మామయ్య వీపు సీటుకు ఆనించకుండా ముందుకు వంగేవాడు.

“జర చెప్పుకుంట రా బిడ్డా. ఎడమ దిక్కు ఏమున్నది?”

“రాళ్లు మామయ్యా. వడ్లు సగం దాక ఉన్నయ్.”

“ముందట?”

“ఏం లేదు. ఆగుండ్రి, సైకిలాయన పోతాండు.”

“కనవడ్డడు, కనవడ్డడు.”

కట్ట దిగాక ఇద్దరం ఊపిరి వదిలి నవ్వుకునేవాళ్లం. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆయనతో అంత మాట్లాడింది ఎప్పుడూ లేదు. మా ఇళ్లల్లో కోడలు మామ ఎదుట పడకుండా తిరుగుతుంది, ఎదుటపడితే తల దించుకుంటుంది. అట్లాంటిది ఆయన పక్కన కూర్చుని ఎడమ అని, కుడి అని చెబుతుంటే ఆయన వింటున్నాడు. ఇంటికొచ్చి, “యమున లేకపోతే ఇయ్యాల కట్ట దాటకపోదును,” అని అత్తమ్మకు చెబుతున్నాడు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వంలో ఒక చిన్న సంగతి గమనించలేదు. కట్ట దిగి మంచు పోయాక కూడా ఆయన అడగడం మానేవాడు కాదు.

దుకాణంలో కూడా ఏదో జరుగుతూనే ఉంది. ముదురు నీలం అంచున్న దర్రీలు కావాలన్న ఫంక్షన్ హాలుకు మామయ్య నల్లంచువి కట్టించి పంపాడు. అవి తిరిగొచ్చాయి. “మగ్గంకాడనే కలగలిపిండ్రు,” అని నేతగాళ్ల మీద కేకలేశాడు. దర్రీ మంచిదా చెడ్డదా అన్నది ఆయన ఎన్నడూ కళ్లతో చూసి చెప్పింది లేదు. వేళ్లతో రాసి చెబుతాడు. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

డిసెంబరు రెండో వారంలో గాలి మారింది. ఒక పొద్దున మేము కట్ట ఎక్కేసరికి మంచు చుక్క లేదు. ఎండ పచ్చగా పడి నీళ్లు మెరుస్తున్నాయి. అవతలి ఒడ్డున బట్టలు ఉతికే ఆమె చీర రంగు కూడా తెలుస్తోంది. నేను సీటులో వెనక్కి జారి, చాలా రోజుల తర్వాత కాలు వదులు చేశాను.

మామయ్య ముందుకు వంగాడు.

“ఇయ్యాల మంచు జర ఎక్కువనే ఉన్నది,” అన్నాడు. “ఫికర్ చెయ్యకు. చెప్పుకుంట రా.”

నేను ఆయన మొహం చూశాను. వేళాకోళం కాదు. కళ్లు చికిలించి అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు.

“ఎడమ దిక్కు రాళ్లున్నయ్ మామయ్యా,” అన్నాను.

అంతే. ఆ రోజు నేను చెప్పింది అంతే.

బడిలో దిగాక బాత్రూములోకి పోయి గోడ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. నేను దిగిపోయాక ఆయన వెనక్కి ఒక్కడే పోతున్నాడు. ఎడమ దిక్కు ఎవరు చెబుతున్నారు?

బడి ఎదురుగా రాయమల్లు చాయ హోటలుంది. ఆ సాయంత్రం రైలుకు పోతూ ఊరికే అడిగినట్టు అడిగాను.

“మా మామయ్య పొద్దున చాయ తాగిపోతడా?”

“ఒక్క చాయనా మేడం? మూడు తాగుతడు. పత్తి లారీ వచ్చేదాక కదలడు గద.”

“పత్తి లారీ ఎందుకు?”

“వరంగల్ల ఎనుమాముల మార్కెట్‌కు పోయే లారీలు గీ దారిన్నే పోతయ్. ఒకటి రాంగనే లేస్తడు. దాని తోక పట్టుకుని పోతడు. గంత ఉర్కే బండి పెట్టుకుని లారీ ఎనక ఎందుకు సారూ అంటె, పెట్రోలు మిగులుతదంటడు.” రాయమల్లు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ రోజు నుంచి నా దినచర్య ఇది. పొద్దున ముప్పావు గంట నేను ఆయనకు దారి చెప్పాలి. తర్వాత గంటన్నర ఫోను చేతిలో పట్టుకుని పాఠం చెప్పాలి. “ఇల్లు చేరిన బిడ్డా,” అని ఆయన ఫోను చేసేదాకా బోర్డు మీద ఏం రాస్తున్నానో నాకు తెలిసేది కాదు. ఒకరోజు ఫోను ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. పిల్లల ఎదుటే కుర్చీలో కూలబడ్డాను. లారీ టైరు పంచరైందట, దాని వెనక ఆయన కూడా ఆగాడట.

చివరికి అత్తమ్మతో చెప్పాలనుకున్నాను. ఆమె పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది.

“అత్తమ్మా, మామయ్యకు కండ్లు జర మసకైనట్టున్నయ్.”

ఆమె రొట్టె తిరగేసింది. “జర కాదు బిడ్డా. బతుకమ్మకు ముందటిసందే. ఎడమ దిక్కు నేను నిలవడ్డా కనవడ. పళ్లెంల కూర అందుకే కుడి దిక్కు పెడుతాన్న.”

నేను పీట లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

“మీకు తెలుసా?”

“ముప్పయి తొమ్మిదేండ్లాయె సంసారం చేయవట్టి. నాకు తెల్వదా? దవాఖానకు పోదామంటె అద్దాలు మార్పిస్త అంటడు. గట్టిగ అంటె అన్నం కాడ్నించి లేస్తడు.”

“మరి కారు ఎట్ల తోలనిస్తాన్రు అత్తమ్మా?”

ఆమె నా వైపు నిజంగానే ఆశ్చర్యంగా చూసింది. “నువ్వు పక్కన కూసుంటానవ్ గద. నువ్వు చెప్తానవని ఆయనే అంటడు. అందుకే నాకు ఫికర్ లేకుంట ఉన్న.”

నన్ను బడికి పంపుతున్నారనుకున్నాను. ఆయనకు తోడు పంపుతున్నారు. ఆమె నా మీద ధైర్యంగా ఉంది, ఆయన నా మీద ధైర్యంగా ఉన్నాడు, నాకేమో ఎవరి మీదా ధైర్యం లేదు. వచ్చేటప్పుడు పత్తి లారీ తోక పట్టుకుని వస్తున్నాడని నేను చెప్పలేదు. చెబితే ఆమెకు నిద్ర ఉండదు.

“భానుకు చెప్పకు,” అంది అత్తమ్మ. “వాడు తాళంచెవి గుంజుకుంటడు. ఆయన ఒక్కపారి ఇంట్ల కూసున్నడనుకో, మల్ల లేవడు.”

నేను చెప్పలేదు. మా ఆయన పక్కనే పడుకుని కూడా చెప్పలేదు. చెబితే ఆయన గెలుస్తాడు, ఆ గెలుపుతో తండ్రి ముందు నిలబడతాడు. ఆ దృశ్యం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

మామయ్యతోనే నేరుగా చెబుదామని రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి, రేపటి నుంచి బస్సులో పోతానన్నాను. “నేనుండంగ బస్సుల నిలవడి పోతవా?” అని నొచ్చుకున్నాడు. రెండోసారి, హన్మకొండలో మంచి కళ్ల డాక్టరున్నాడట, ఒకసారి చూపించుకుందామా అన్నాను. బండి వేగం పెరుగుతూ పోయింది. తొంభై, వంద, నూటపది. ఇంట్లోవాళ్ల మీద ఆయన కోపం ఎప్పుడూ నోట్లోంచి రాదు. ఆ పొద్దున కాలిలోంచి వచ్చింది. నేను తలుపు పిడి పట్టుకుని, “మామయ్యా, ఎడమ దిక్కు రాళ్లు, ముందట ఆటో, జర మెల్లగ,” అని ఏడుపు గొంతుతో చెబుతూ పోయాను. ఇక ఆ మాట ఎత్తలేదు.

ఒక శనివారం మా నవ్య కూడా వస్తానని మారాం చేసింది. మూడో తరగతి పిల్ల, తన బడికి సెలవు. “తాత కార్ల నేను పోత,” అని చెప్పులు వేసుకుని నిలబడింది. “దానికి ఒళ్లు కాలుతాంది మామయ్యా,” అని అబద్ధం చెప్పి లోపల పడుకోబెట్టాను. ఆ రోజు కట్ట మీద నాకు నా మీదే అసహ్యమేసింది. నా బిడ్డను ఎక్కనియ్యలేదు. రోడ్డు మీద నడిచే వాళ్ల బిడ్డల సంగతి మాత్రం నాకు పట్టలేదు.

పదకొండో రోజు.

అది కూడా మంచి ఎండ. కట్ట దాటేశాం. నెక్కొండ ఇంకా మూడు కిలోమీటర్లుంది. ఆలస్యంగా నాట్లేసిన వాళ్ల వడ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. “ఎడమ దిక్కు వడ్లు, మనుషులెవ్వలు లేరు,” అని చెప్పాను. అప్పుడు సంచిలో ఫోను మోగింది. హెడ్మాస్టరు. ఫోను కోసం తల వంచాను. సంచిలో చెయ్యి పెట్టి వెతికినంత సేపు, అంతే.

తలెత్తేసరికి ఒక ముసలామె రాళ్ల వరుస దాటి రోడ్డు నడిమికి వచ్చి ఉంది. చెదిరిన వడ్లను చీపురుతో లోపలికి ఊడ్చుకుంటోంది. వీపు మా వైపు. చలికి చెవులకు తువ్వాల చుట్టుకుంది. బండి చప్పుడు వినలేదు.

“మామయ్యా, ఆపుండ్రి!”

ఆయన తొక్కాడు. గట్టిగానే తొక్కాడు. కింద బ్రేకులు కటకటమన్నాయి. కాని నాలుగు చక్రాలూ ఆ చెదిరిన వడ్ల మీదే ఉన్నాయి. బండి ఆగలేదు. నాకు ఇప్పటికీ కలలోకి వచ్చేది ఆ జారుడే. టైర్లు కీచుమనలేదు, కుదుపు లేదు. అట్లా మెత్తగా ఆమె వైపు పోతూనే ఉంది. ఎటు తిప్పాలో మామయ్యకు తెలియడం లేదు. ఎందుకంటే ఆయనకు ఆమె కనిపించడం లేదు.

నేను స్టీరింగు పట్టుకుని బలమంతా పెట్టి కుడికి గుంజాను. ఎడమ అద్దం ఆమె చీపురుకు తగిలి పగిలింది. చీపురు ఎగిరిపడింది. బండి వడ్లు దిగి, అవతలి అంచుకు పోయి, మొరం మీద ఒక్క కుదుపుతో నిలబడింది.

వెనక్కి చూడాలంటే మెడ తిరగలేదు. ఎంతసేపటికో తిప్పి చూశాను. ఆమె వడ్లల్లో కూలబడి ఉంది. తలకున్న తువ్వాల జారింది. తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకుంటోంది. బతికే ఉంది.

పక్క కుప్ప దగ్గరి నుంచి ఒకాయన ఉరికి వచ్చాడు. ఆమె భర్త, మొండయ్యట. వచ్చీ రాగానే ఆమెనే తిట్టాడు. “ఎన్నిసార్లు చెప్పిన నడిమిట్లకు పోకని! ఇనవా?” ఆమెను రెక్క పట్టి లేపాడు. ఇద్దరూ కలిసి మా వైపు వచ్చారు.

మామయ్య కారు దిగి నిలబడ్డాడు. మొండయ్య ఆయన ఎదుట నిలబడ్డాడు. ఆమె ఆయనకు ఎడమ పక్కన, చేయి చాపితే అందేంత దూరంలో.

“ఎవరికన్న తాకిందా?” అని మామయ్య మొండయ్యను అడిగాడు.

“లే సారూ. చీపురు పోయింది, గంతే.”

“చీపురు ఎవల చేతిల ఉన్నది?”

“నా చేతిలనే సారూ,” అంది ఆమె.

పక్కనుంచి గొంతు వినిపించగానే మామయ్య ఉలిక్కిపడ్డాడు. మెడ తిప్పాడు, ఇంకా తిప్పాడు, ఒళ్లంతా తిప్పాక అప్పుడు ఆమెను చూశాడు. ఆమె రెండు చేతులూ జోడించి ఉంది.

“మొగిలమ్మ నా పేరు. తప్పయింది సారూ. పోలీసోళ్లు మొన్ననే వచ్చి రోడ్డు మీద పొయ్యద్దన్నరు. రేపటికల్ల ఎత్తేస్తం. మల్ల పోలీసోళ్లకు చెప్పకుండ్రి. మీ అద్దం పలిగింది, గదొక్కటి మాఫ్ చెయ్యిండ్రి.”

చనిపోవలసిన మనిషి మాఫీ అడుగుతోంది. నేను నోరు తెరవాలి. ఆమె తప్పేం లేదని అనాలి. కాని పోనీలే అని మామయ్య అంటే అయిపోతుంది, బడికి పోవచ్చు, అత్తమ్మకు ఏమీ చెప్పనక్కరలేదు. ఈ ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని రాయడానికి సిగ్గుగానే ఉంది.

మామయ్య చాలాసేపు మొగిలమ్మనే చూశాడు. తర్వాత తల నా వైపు తిప్పాడు.

“యమునా, ఇయ్యాల మంచున్నదా?”

మొండయ్య ఆకాశం వైపు చూశాడు. ఏమీ అర్థం కాక నన్ను చూశాడు.

“లేదు మామయ్యా.”

“నిన్న?”

“నిన్న గూడ లేదు.”

“ఎప్పటిసంది లేదు?”

“ఇయ్యాలటితోని పదకొండు రోజులు.”

ఆయన కారు మీద చేయి ఆనించాడు. “పదకొండు రోజులు తెల్సుకుంట నా పక్కన కూసున్నవా?”

నేను తల దించుకున్నాను.

“సచ్చిపోతవని భయం కాలేదా బిడ్డా?”

“అయింది మామయ్యా.”

“మరెందుకు చెప్పలే?”

“మీకు చెప్పాలంటె గంతకన్న ఎక్కువ భయమయింది.”

ఆయన తల ఊపాడు. ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు. తర్వాత మొగిలమ్మ వైపు మళ్లీ ఒళ్లంతా తిరిగాడు.

“నీ తప్పేం లేదు చెల్లె. నువ్వు నాకు కనవడలే. ఎడమ దిక్కు నాకు ఏదీ కనవడది. పోలీసోళ్లు వస్తె నన్ను తీస్కపోవాలె, నిన్ను కాదు.”

పరాయివాళ్ల ముందు, పట్టపగలు, ఆ మాట ఆయనే అన్నాడు. మొగిలమ్మ జోడించిన చేతులు విప్పుకుంది. “అయ్యో,” అంది. “మరి ఇంటికెట్ల పోతరు?”

మామయ్య జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. “భానుకు ఫోన్ కలుపు. నేనే మాట్లాడుత.”

కలిపి ఇచ్చాను. రెండు నెలల తర్వాత కొడుకుతో ఆయన మాట్లాడిన మొదటి మాటలు నేను విన్నాను. “నేను, బాపును. జర వచ్చి మమ్ముల తీస్కపో. ఎవ్వలకేం కాలే. వచ్చినంక అటే దవాఖానకు పోదాం.” అవతల మా ఆయన ఏమన్నాడో తెలియదు. మామయ్య మాత్రం, “నువ్వు అప్పుడన్నది నిజమే,” అని ఫోను నాకిచ్చాడు.

“అవతల మా మంచం ఉన్నది,” అన్నాడు మొండయ్య. “మీ కొడుకు వచ్చేదాక గాడ కూసోండ్రి సారూ.”

రోడ్డుకు అవతల, వడ్ల పక్కన, కాపలా పడుకునే నులక మంచం వేసి ఉంది. దాని దగ్గరికి పోవాలంటే రోడ్డు దాటాలి, వడ్లు దాటాలి. మామయ్య చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. ధాన్యం మీద చెప్పులతో నడవగూడదు. రోడ్డు అంచుకు వచ్చి నిలబడ్డాడు. కుడికి చూశాడు. ఎడమకు చూశాడు. మళ్లీ చూశాడు. అడుగు వేయలేకపోయాడు.

కారు లేకుండా, వేగం లేకుండా, మామూలుగా నిలబడిన ఆ మనిషిని చూసినప్పుడు కలిగినంత భయం నాకు ఆ పదకొండు రోజుల్లో ఎన్నడూ కలగలేదు. నూటపదిలో కూడా కలగలేదు.

ఆయన ఎడమ చేయి నా వైపు చాపాడు. మొహం నా వైపు తిప్పలేదు.

మా ఇళ్లల్లో మామ చేయి కోడలు ముట్టదు. తొమ్మిదేళ్లలో ఆయనకు నీళ్ల చెంబు ఇచ్చినా కింద పెట్టి జరిగేదాన్ని, ఆయన తీసుకునేవాడు. నేను ఆ చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆయన కాలు ముందుకు కదిలింది.

“లారీ వస్తాంది మామయ్యా,” అన్నాను. “ఆగుండ్రి.”

ఆయన ఆగాడు.